పాక్లిటాక్సెల్: ఒక టైలర్ రాస్తున్న రివ్యూ

పాక్లిటాక్సెల్ క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందు. మంచి మందు. డాక్టరు రాస్తే భయపడి మానుకోకండి. అయితే చేతిపని మీద బతికేవాళ్లు ఆ సంగతి మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి. ఈ రివ్యూ రాయడానికి కూర్చున్నదే ఈ రెండో మాట కోసం.

నాది తిరుపతి. కొర్లగుంటలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. ఫాల్, పీకో కూడా చేస్తాను. రొమ్ములో గడ్డ బయటపడ్డాక ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి గడ్డను తగ్గిద్దామన్నారు. మొదట మూడు వారాలకోసారి ఎర్రమందు, అంటే డాక్సోరూబిసిన్, దానికి తోడు సైక్లోఫాస్ఫమైడ్. ఆ కోర్సు అయ్యాక వారానికోసారి పాక్లిటాక్సెల్. ఎర్రమందుతో వాంతులు, నోటిపూత, అన్నం చూస్తేనే విసుగు. పాక్లిటాక్సెల్ మొదలయ్యాక నోటికి రుచి తెలిసింది. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిని నిద్రపోయిన రోజులున్నాయి. కీమో అంటే అన్నీ ఒకటే అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. మందు మందుకూ బాధ వేరు.

ముందు సీసా సంగతి. మన దగ్గర 30, 100, 260, 300 మిల్లీగ్రాముల సీసాల్లో దొరుకుతుంది. చూడ్డానికి కొంచెం జిగటగా ఉండే తేటద్రవం. ఈ మందు నీళ్లలో కరగదు. అందుకే ఆముదం నుంచి తయారుచేసిన క్రెమోఫోర్ అనే ద్రావకంలో, ఆల్కహాల్ కలిపి కరిగిస్తారు. ఆ ఆముదపు ద్రావకం వల్లే చాలామందికి అలర్జీ వస్తుంది. మొహం ఎర్రబడడం, ఊపిరాడకపోవడం, నడుము పట్టేయడం, బీపీ పడిపోవడం లాంటివి. అది వచ్చేదుంటే ఎక్కువగా మొదటి, రెండో డోసుల్లోనే వస్తుంది, అదీ మందు మొదలైన మొదటి పది నిమిషాల్లో. అందుకే అసలు మందుకు ముందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, అలర్జీకి వాడే ఏవిల్, ఎసిడిటీకి వాడే ఇంజెక్షన్ ఒకటి ఇస్తారు. ఆ ఎసిడిటీ ఇంజెక్షన్ ఇక్కడ అలర్జీని అడ్డుకోవడానికే. ఏవిల్‌తో కళ్లు మూతలు పడతాయి. డెక్సామెథసోన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టదు. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ పెరుగుతుంది కూడా. మందు ఎక్కించుకున్నాక ఎవరైనా తోడుంటేనే ఇంటికి వెళ్లండి, స్కూటీ తోలుకుంటూ వద్దు.

మొదటిసారి డ్రిప్ వదిలినప్పుడు సిస్టర్ నా మంచం పక్కనే నిలబడింది. బీపీ చూస్తూ, "గుండెలో పట్టేసినట్టున్నా, గొంతు బిగిసినట్టున్నా వెంటనే చెప్పక్కా, ఓర్చుకోవద్దు" అంది. నాకు మొహం కొంచెం వేడెక్కింది, అంతే. ఆ పది నిమిషాలు సిస్టర్ పక్కనుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మీకు ఎక్కించేటప్పుడు ఎవరూ దగ్గర లేకపోతే పిలిచి నిలబెట్టుకోండి. మొహమాటపడే చోటు కాదది.

సెట్ విషయం కూడా తెలుసుకోండి. పాక్లిటాక్సెల్‌ను మామూలు సెలైన్ గొట్టంతో ఎక్కించకూడదు. ఆ ద్రావకం మామూలు పీవీసీ ప్లాస్టిక్‌లోని మెత్తదనం కోసం కలిపే రసాయనాన్ని లాగేసుకుంటుంది, అది మన ఒంట్లోకి పోతుంది. అందుకే పీవీసీ కాని సెట్ వాడతారు. దాని మధ్యలో 0.22 మైక్రాన్ ఫిల్టర్ ఉంటుంది, చిన్న గుండ్రటి బిళ్లలా కనబడుతుంది. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి మామూలు సెట్ పట్టుకొచ్చింది. పెద్ద సిస్టర్ దూరం నుంచే చూసి, "అది కాదమ్మా, ఫిల్టర్ సెట్ తీసుకురా" అని మార్పించింది. అప్పటినుంచి గొట్టంలో ఆ బిళ్ల ఉందో లేదో నేనే చూసుకునేదాన్ని.

ఈ మందు ఏం చేస్తుందో డాక్టరమ్మ చెప్పింది గానీ, నాకు బాగా అర్థమైంది ఇంటికొచ్చి మా అబ్బాయితో కూర్చుని చదివాకే. కణం రెండుగా చీలాలంటే లోపల సన్నటి పోగులు ఏర్పడాలి. ట్యూబులిన్ అనే ప్రొటీన్‌తో తయారయ్యే ఆ పోగులు పెరుగుతూ, విడిపోతూ క్రోమోజోములను చెరో పక్కకు లాగుతాయి. పాక్లిటాక్సెల్ ఆ పోగులకు అతుక్కుని వాటిని విడిపోనివ్వదు. మేం కచ్చా కుట్టు వేసి, మిషన్ కుట్టు పడ్డాక ఆ దారం లాగేస్తాం. ఆ దారం ఊడిరాకుండా బిగుసుకుపోతే బట్ట ఎందుకూ పనికిరాదు. కణం పరిస్థితీ అంతే, చీలలేక సగంలో ఇరుక్కుని చచ్చిపోతుంది. మన ఇళ్ల ముందు పెరిగే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ కూడా ఈ పోగుల మీదే పనిచేస్తుంది, కానీ అది పోగులు ఏర్పడకుండానే ఆపుతుంది. పాక్లిటాక్సెల్ పని దానికి పూర్తిగా తిరగబడి ఉంటుందని 1979లో సూసన్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త చూపించింది.

మందు పుట్టింది కూడా చెట్టులోనే. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్క్లే పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించాడు. దాన్నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించినవాళ్లు మన్రో వాల్, మన్సుఖ్ వానీ. వానీ మహారాష్ట్రలో పుట్టినవాడు. ఈ సంగతి చదివి చాలా సంతోషపడ్డాను. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది, పైగా ఆ చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది. అందుకని తర్వాత యూరప్ యూ చెట్టు ఆకుల నుంచి ముడిపదార్థం తీసి, దాన్ని ల్యాబులో పాక్లిటాక్సెల్‌గా మార్చడం నేర్చుకున్నారు. ఆకులు కోస్తే మళ్లీ చిగురిస్తాయి కదా. 1992 చివర్లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కు, 1994లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, గర్భసంచి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు, రేడియేషన్‌తో కలిపి అన్నవాహిక క్యాన్సర్‌కు కూడా ఇస్తున్నారు. చాలాచోట్ల కార్బోప్లాటిన్ అనే ఇంకో కీమో మందు దీనికి జోడీ.

నా పక్క కుర్చీలో కూర్చునే ఆమెకు అదే జోడీ నడిచేది. శ్రీకాళహస్తి నుంచి వచ్చేది, కలంకారీ పని చేసే ఇల్లు. అండాశయ క్యాన్సర్. ఆమెకు మూడు వారాలకోసారి పెద్ద డోసు, మూడు గంటలు ఎక్కించేవాళ్లు. నాది వారానికోసారి చిన్న డోసు, గంటలో అయిపోయేది. ఒకే మందు ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకని అడిగితే, ఏ క్యాన్సర్, తోడుగా ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుందని చెప్పారు. రొమ్ము క్యాన్సర్‌లో మాత్రం మూడు వారాలకోసారి ఇచ్చేదానికంటే వారం వారం ఇస్తే ఎక్కువమంది బతుకుతున్నారని 2008లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. వారం వారం ఆస్పత్రికి తిరగడం విసుగే. అయినా వారం పద్ధతే రాస్తే దానికి కారణం ఉందని తెలుసుకోండి.

ఇప్పుడు వేళ్ల సంగతి.

మొదట్లో ఏమీ తెలియలేదు. కొన్ని డోసులు అయ్యాక ఒక సాయంత్రం బ్లౌజుకు హుక్కులు కుడుతున్నా. హుక్కు చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఉంది, కళ్లకు కనబడుతోంది. వేళ్లకు మాత్రం అక్కడ ఏమీ లేనట్టే ఉంది. కాస్త గట్టిగా నొక్కితే అది ఎగిరి కిందపడింది. ఇంకొకటి తీసుకున్నా, అదీ పడింది. సూదిలో దారం ఎక్కించడం వచ్చింది, ఎందుకంటే అది కళ్లతో చేసే పని. కాజా కుట్టేటప్పుడు మాత్రం దారం ఎంత బిగించానో తెలియలేదు. ఒక కాజా వదులు, ఇంకొకటి బట్ట ముడుచుకుపోయేంత బిగువు. చేతికి గ్లవుజు వేసుకుని పనిచేస్తున్నట్టుంది. వేలి కొసల్లో సన్నగా చిమచిమలు.

పాదాల్లో కూడా అంతే. మిషన్ పెడల్ మీద కాలు ఉందా లేదా అని వంగి చూసుకోవాల్సి వచ్చింది.

తర్వాతి డోసుకు వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఎప్పటిలాగే, "తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయా అమ్మా? జాకెట్ హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా?" అని అడిగింది. నేను హుక్కు పెట్టుకోవడం గురించి కాదు, కుట్టడం గురించి చెప్పాను. ఆ రెండు కాజాలున్న గుడ్డముక్క తీసుకెళ్లి చూపించాను. ఆమె దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. "ఏం పని చేస్తారో ముందే చెప్పింది మంచిదైంది. మామూలుగా అయితే కొంచెం తిమ్మిరే కదా అని రాసుకుని వదిలేసేదాన్ని" అంది. ఆ వారం డోసు ఆపింది, తర్వాత కొంత తగ్గించి మొదలుపెట్టింది. తగ్గిస్తే మందు పనిచేయదేమోనని భయమేసింది. నరాలు దెబ్బతింటుంటే తగ్గించడం, ఆపడం అందరికీ చేసేదేనని, కోర్సులో చాలా భాగం అప్పటికే అయిపోయిందని నచ్చజెప్పింది.

ఎందుకిలా అవుతుందంటే, క్యాన్సర్ కణం చీలడానికి వాడే ఆ పోగులే మన నరాల లోపల కూడా ఉంటాయి. వెన్నెముక దగ్గర్నుంచి వేలి కొసదాకా సరుకు మోసే దారి అవే. వాటిని బిగించేస్తే అన్నిటికంటే పొడుగైన నరాల చివర్లు ముందు దెబ్బతింటాయి. అందుకే పాదాలు, వేళ్లు. అందరికీ ఒకేలా రాదు. డోసులు పెరిగేకొద్దీ పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. ఆపాక నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

శ్రీకాళహస్తి ఆమె మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "కలం పట్టుకుంటా ఉండా అక్కా, గీత యాడికో పోతా ఉంది" అంది. డాక్టరుకు చెప్పావా అంటే, "క్యాన్సర్‌తో పోలిస్తే ఇదేం లెక్క అనుకుంటారని చెప్పలా" అంది. ఆ రోజే సిస్టర్‌ను పిలిచి ఆమె చేత చెప్పించాను. ప్రాణం ముఖ్యమే, ఎవరు కాదంటారు? ఆ ప్రాణం నిలిచాక బతకడానికి చేతులు కావాలి కదా. మన దగ్గర పూలు కట్టేవాళ్లు, కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లు, నగరిలో మగ్గం పనివాళ్లు, కల్యాణకట్టలో కత్తి పట్టేవాళ్లు ఎంతమంది! వీళ్లకు "కొంచెం తిమ్మిరి" అంటే కూలి పోయినట్టే. ఓపీ చీటీలో వయసు రాస్తారు, బరువు రాస్తారు, వృత్తి కూడా రాయమని అడగండి.

తిమ్మిర్లని తెలియగానే సలహాలు మొదలవుతాయి. మా వీధి దగ్గరి ఒక మెడికల్ షాపులో "నరాల బలానికి" అని చీటీ లేకుండానే మాత్రలు ఇవ్వబోయారు. అట్ట వెనక చూస్తే అందులో ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంది. డాక్టరమ్మను ఫోన్లో అడిగితే వద్దే వద్దంది. సరిగ్గా ఈ రకం కీమో తీసుకున్న ఆడవాళ్ల మీద అమెరికాలో పరీక్షించి 2013లో ఫలితాలు ఇచ్చారట. అది వేసుకున్నవాళ్లలో నరాల బాధ తగ్గకపోగా పెరిగింది. మన షాపుల్లో దొరికే చాలా నరాల మాత్రల్లో మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తో పాటు ఇది కూడా కలిసి ఉంటుంది. అట్ట తిప్పి చదవండి. మంట, నొప్పి బాగా ఉంటే డ్యులోక్సెటిన్ అనే మందు కొంత పనిచేస్తుందని రుజువుంది, అదీ డాక్టరు రాస్తేనే.

ఇంకొకటి లక్ష్మణఫలం. క్యాన్సర్‌కు కీమో కంటే గొప్పదని వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. మా వదిన ఎక్కడో తిరిగి ఆకు సంపాదించి, కషాయం కాచి ప్రేమగా తెచ్చింది. తాగలేదు. గ్వాడెలూప్ అనే దీవిలో ఆ పండు, ఆకు టీ ఎక్కువగా తీసుకునేవాళ్లలో పార్కిన్సన్ లాంటి నరాల జబ్బు కనబడిందని 1999లోనే పరిశోధకులు రాశారు. అసలే నరాలు దెబ్బతినే మందు ఎక్కించుకుంటూ దానిమీద ఇదొకటి ఎందుకు? వదినను కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. కాస్త నొచ్చుకుంది గానీ, మళ్లీ తేలేదు.

పాదాల గురించి ఒక్క మాట, ముఖ్యంగా మన ఊరి వాళ్లకు. అరికాళ్లు మొద్దుబారితే కాలింది కూడా తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం గోవిందరాజస్వామి గుడి ముందో, కొండమీద మాడవీధుల్లోనో ఒట్టికాళ్లతో నడిస్తే బొబ్బలొచ్చేదాకా తెలియదు. చల్లబడ్డాకే వెళ్లండి, మందం సాక్సులు వేసుకోండి, ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకోండి. అయినా కీమో నడిచేటప్పుడు తెల్లరక్తకణాలు పడిపోతాయి కాబట్టి జనం రద్దీలోకి పోకపోవడమే మంచిది. స్వామి ఎక్కడికీ పోడు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకండి, రాత్రయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేయండి. మందు ఎక్కించుకున్న రెండో రోజు, మూడో రోజు తొడలూ పిక్కలూ పీకుతాయి. అది వస్తుంది, పోతుంది.

జుట్టు పోతుంది. ఎర్రమందుకే నాది పోయింది. ఈ విషయంలో తిరుపతి అంత మంచి ఊరు ఇంకొకటి లేదు. ఇక్కడ గుండుతో ఆడమనిషి కనబడితే ఎవరూ తిరిగి చూడరు, కొండకు పోయొచ్చిందనుకుంటారు. బస్టాండులో ఒక పెద్దావిడ నన్ను చూసి "దర్శనం బాగా జరిగిందా తల్లీ" అంది. బాగా జరిగిందమ్మా అన్నాను.

ఖర్చు, సేవల గురించి. పాక్లిటాక్సెల్ నిత్యావసర మందుల జాబితాలో ఉంది కాబట్టి దీనికి ప్రభుత్వం గరిష్ఠ ధర పెడుతుంది. అయినా కంపెనీని బట్టి, షాపును బట్టి తేడా ఉంటుంది. బయట కొనాల్సి వస్తే రెండుచోట్ల అడగండి. ఒక షాపు అట్ట మీద ధర పైసా తగ్గేది లేదంటే, అదే మోతాదు ఇంకోచోట బాగా తక్కువకు వచ్చింది. కార్డు ఉన్నవాళ్లకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అదే మునుపటి ఆరోగ్యశ్రీలో, కీమో వస్తుంది. ఒకప్పుడు మన జిల్లావాళ్లకు క్యాన్సరంటే వెల్లూరు బస్సో చెన్నై రైలో తప్ప దారి లేదు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆస్పత్రిలో వైద్యం ఉంది, 2022లో టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆస్పత్రి కూడా వచ్చింది. వారం వారం ఎక్కించుకోవాల్సిన మందుకు ఊళ్లోనే చోటు ఉండడం ఎంత పెద్ద సంగతో ఎర్రటి ఎండలో బస్సు ఎక్కి వాంతి చేసుకున్నవాళ్లకు తెలుస్తుంది. నేను చూపించుకున్న చోటు పేరు రాయడం లేదు, ఇది మందు గురించిన రివ్యూ. అక్కడ నాకు నచ్చనిది ఒకటే. పొద్దున్నే ఇచ్చిన రక్తం రిపోర్టు మధ్యాహ్నానికి గానీ వచ్చేది కాదు, అది చూడకుండా మందు కలపరు. ముందు రోజు సాయంత్రమే పరీక్ష చేయించుకుని వెళ్లడం మొదలుపెట్టాక ఆ ఎదురుచూపు తప్పింది. మీ డాక్టరు ఒప్పుకుంటే మీరూ అలాగే చేయండి.

బెంగళూరులో ఉండే మా తమ్ముడు, "ఖరీదైన నాబ్ పాక్లిటాక్సెల్ వేయించుకో అక్కా, డబ్బు నేను పెడతా" అన్నాడు. మందు అదే. ఆముదపు ద్రావకానికి బదులు అల్బుమిన్ ప్రొటీన్‌కు అంటించి ఇస్తారు, 2005లో వచ్చింది. ఆ అలర్జీ బెడద బాగా తక్కువ, ముందు స్టెరాయిడ్లు అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు, మామూలుదానికి అలర్జీ వచ్చినవాళ్లకు మంచి దారి. నేను అడిగింది వేళ్ల గురించి. తిమ్మిర్లు దీనితో తగ్గుతాయని చెప్పలేమని, ఎక్కువ డోసులో పెరగొచ్చని డాక్టరమ్మ నిజం చెప్పింది. వద్దనుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్‌లో గడ్డ బాగా చిక్కిపోయింది. రొమ్ము మొత్తం తీయాల్సిన అవసరం రాలేదు. ఎర్రమందుది ఎంత, దీనిది ఎంత అని విడదీయలేం గానీ, ఈ కోర్సు నడిచేటప్పుడే చేతికి తగలడం మానేసిందని డాక్టరమ్మ రాసింది. ఇప్పుడు కటింగ్, మిషన్ కుట్టు నేనే చేస్తున్నా. పెడల్‌కు మోటారు పెట్టించుకున్నా. చేతి కాజాలు ఎడమచేతి వేలితో తడిమి, కళ్లతో చూసి కుడుతున్నా, మునుపటికంటే నెమ్మది. హుక్కులు మాత్రం షాపులో పనిచేసే అమ్మాయి కుడుతోంది. పోయిన నెల పట్టుచీర బ్లౌజు ఒకటి పూర్తిగా నేనే కుట్టి ఇచ్చా, కుట్టు బాగుందని కస్టమర్ ఇంకో రెండు గుడ్డలు తెచ్చిచ్చింది.